గట్టు దగ్గర అర సెకను: డ్రోన్ ఆన్, ఆఫ్ టైమింగ్ సరిచేసిన ఒక కేసు

డ్రోన్‌తో మందు కొట్టేవాళ్లు ఎకరాకి ఎన్ని లీటర్లు పడుతోందో చూస్తారు, గాలి చూస్తారు, బ్యాటరీ చూస్తారు. చేను అంచు దగ్గర పంపు ఎంత ముందుగా ఆన్ అవ్వాలి, ఎంత ముందుగా ఆగాలి అన్నది మాత్రం మిషన్‌తో వచ్చిన సెట్టింగ్‌కే వదిలేస్తారు. ఈ కేసులో గొడవంతా అక్కడే వచ్చింది. ఊరు, మనుషులు, కంపెనీ ఎవరన్నది తెలియకుండా రాశాను. చేని కొలతలు కాస్త మార్చాను గానీ, టెస్టులో వచ్చిన అంకెల మధ్య లెక్క చెడకుండా చూసుకున్నాను.

నేపథ్యం

గోదావరి పశ్చిమ డెల్టాలో కాలువ చివరి భూములు. సార్వాలో (ఖరీఫ్‌లో) వరి వేస్తారు, ఎక్కువ మంది వేసేది మార్టేరు పరిశోధన కేంద్రం రకం స్వర్ణే. దాళ్వాకి (రబీకి) నీరు నమ్మకంగా అందదు కాబట్టి, చేతికోత కోసే చేలల్లో కోతకి రెండు మూడు రోజుల ముందు వరిలోనే మినుములు చల్లి పైరపంటగా తీస్తారు. చుట్టూ వనామీ రొయ్యల చెరువులు. వరి చేనుకీ చెరువుకీ మధ్య ఉండేది ఒక్క గట్టే.

ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు కలిసి 10 లీటర్ల ట్యాంకు డ్రోన్ కొన్నారు. పైలట్ సర్టిఫికెట్ ఉంది, చేతిలో పని ఉంది. అదే డ్రోన్‌కి ట్యాంకు తీసి విత్తనం చల్లే డబ్బా బిగిస్తే మినుములూ చల్లుతుంది. గొడవ వచ్చిన చేను రెండున్నర ఎకరాలకి కాస్త తక్కువ. ఉత్తరం నుంచి దక్షిణానికి 140 మీటర్లు, అడ్డం 70 మీటర్లు. ఉత్తరాన బోదె (చిన్న కాలువ), దక్షిణాన రొయ్యల చెరువు, మిగతా రెండు వైపులా అదే రైతు బంధువుల వరి. మలుపులు తగ్గితే బ్యాటరీ కలిసొస్తుందని లైన్లన్నీ పొడవునా, అంటే చెరువు వైపు నుంచి బోదె వైపుకి, మళ్లీ వెనక్కి గీసుకున్నారు. ఈ డ్రోన్ లైను చివర ఆగి తిరగదు. గట్టు దాటి, గుండ్రంగా తిరిగి, వేగంతోనే పక్క లైన్లోకి వస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నన్ను పిలిచేసరికి

సార్వా చివర్లో సుడిదోమ వచ్చింది, మందు కొట్టారు. వారం పది రోజులకి చేను నడిమధ్య పచ్చగానే ఉంది. ఉత్తరం గట్టు పొడవునా మాత్రం దుబ్బులు మాడిపోయి మచ్చలు పడ్డాయి. మందు నకిలీదని రైతు, నీళ్లు ఎక్కువ కలిపారని ఆయన తమ్ముడు, దోమ గట్టు గడ్డిలోంచి మళ్లీ దిగిందని ఆపరేటర్లు. చెరువు రైతు గొడవ ఇంకోటి: డ్రోన్ తన చెరువు మీదుగా తిరుగుతోందని, చుక్కలు పడటం కళ్లారా చూశానని, రెండు మూడు రోజుల తర్వాత కొన్ని రొయ్యలు తేలాయని. ఆపరేటర్లకి డబ్బులు ఆగిపోయాయి.

రొయ్యలు తేలడానికి ఆక్సిజన్ తగ్గడం దగ్గర్నుంచి తెగుళ్ల దాకా కారణాలు చాలా ఉంటాయి. కాబట్టి దాన్ని రుజువుగా నేను తీసుకోలేదు. కానీ చుక్కలు పడటమే నిజమైతే ఆపాల్సిందే. రొయ్య పురుగులకి దగ్గరి చుట్టం. దోమకి వాడే బుప్రొఫెజిన్ లాంటి మందు కుబుసం విడిచే దశలో దెబ్బ కొడుతుంది. రొయ్య కూడా పెంకు వదిలి పెరిగేదే. సింథటిక్ పైరిత్రాయిడ్లనే రకం పురుగుమందులైతే రొయ్యలకి మరీ విషం.

మందు నకిలీదైతే చేనంతా పోవాలి. తుంపర మొదళ్ల దాకా దిగకపోయినా చేనంతా పోవాలి. దోమ ఉండేది మొదళ్లలోనే కదా. నడిమధ్య బాగుండి అంచు పోయిందంటే తప్పు అంచులోనే వెతకాలి. కానీ అప్పటికి వరి కోసేశారు, మిగిలినవి ఫోన్లో ఫోటోలే. దోమ ఒకచోట ఉండేది కాదు కాబట్టి మచ్చలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి, ఫోటోల్లో ఆకారం తేలలేదు.

ఆకారం తేల్చింది మినుములు. అదే డ్రోన్‌తో, అదే రూట్ మీద చల్లారు. మొలక వచ్చాక ఉత్తరం గట్టు వెంట నడిస్తే ఒక లైను అంచుదాకా నిండుగా మొలిచింది, దాని పక్క లైను గట్టుకి నాలుగు మీటర్ల దూరంలోనే ఆగిపోయింది, మళ్లీ నిండుగా, మళ్లీ ఖాళీ. చేను అంచు రంపం పళ్లలా ఉంది. పైగా నిండుగా మొలిచిన లైనుకి ఎదురుగా గట్టు మీదా, బోదె ఒడ్డునా కూడా మినుము మొలకలు ఉన్నాయి. ఖాళీ లైన్ల ఎదురుగా గట్టు మీద ఒక్క మొలక లేదు. దక్షిణం వైపుకి వెళ్తే ఇదే బొమ్మ తిరగబడి ఉంది. ఇక్కడ ఖాళీగా ఉన్న లైను అక్కడ చెరువు గట్టు మీదికి ఎక్కింది.

మొదలు ఆలస్యం, ఆగడమూ ఆలస్యం. డ్రోన్ ఎటు పోతోందో అటు వైపుకి విత్తనం పడే పట్టీ మొత్తం కదిలిపోయింది. లైన్లు ఎదురెదురుగా పోతాయి కాబట్టి పళ్లు పడ్డాయి. మ్యాప్ జరిగిందనుకోండి, అప్పుడు ఒక గట్టు పొడవునా ఖాళీ, ఎదుటి గట్టు పొడవునా దాటిపోవడం కనిపిస్తుంది, ఒకటి విడిచి ఒకటి కాదు. ఇక్కడ మ్యాప్ తప్పు కాదని నాకు నమ్మకం కుదిరింది గట్టు మీద మొలకలు చూశాకే.

అప్పటికే చేసి చూసినవి

నన్ను పిలవకముందే వాళ్లు చాలా చేశారు. నాజిళ్లు కొత్తవి వేశారు. నాజిల్ కింద బకెట్ పెట్టి నిమిషానికి ఎంత వస్తోందో కొలిచారు. "ఆయ్, బకెట్ లెక్క కరెక్టేనండి" అన్నాడు పెద్దవాడు. నిజమే, కరెక్టే. అయితే బకెట్ చెప్పేది నిమిషానికి ఎంత పడుతుందన్నదే. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నది బకెట్‌కి తెలియదు.

గట్టు వెంట రిమోట్ పట్టుకుని నడిచి మ్యాప్ మళ్లీ తీశారు. పళ్లు అలాగే ఉన్నాయి. తర్వాత యాప్‌లో అంచు మార్జిన్ 2 మీటర్లు బయటికి జరిపారు. ఉత్తరాన ఖాళీ తగ్గింది. దక్షిణాన స్ప్రే చెరువు గట్టు దాటింది. చెరువు రైతు కేకలు మొదలైంది ఇక్కడే.

చివరికి వేగం తగ్గించారు. సెకనుకి 6 మీటర్లు పోయేదాన్ని 3కి తెచ్చేసరికి ఖాళీ సగానికి తగ్గింది. కానీ రోజుకి అయ్యే ఎకరాలు కూడా పడిపోయాయి. పైగా ఈ డ్రోన్ వేగాన్ని బట్టి పంపు తిప్పుతుంది. నెమ్మదిగా పోతే పంపు ఒత్తిడి పడిపోయి నాజిల్ నుంచి విసనకర్రలా వచ్చే తుంపర సరిగా విచ్చుకోదు. మధ్యాహ్నం తొందరలో మళ్లీ 6కి పెంచేవారు, పళ్లు మళ్లీ వచ్చేవి.

వాళ్లు దీన్ని ఓడిపోయిన ప్రయత్నంగా చెప్పారు. నాకు మాత్రం దొరికిన ఆధారాల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. వేగంతో పాటు ఖాళీ పెరుగుతోందంటే తప్పు దూరంలో లేదు, కాలంలో ఉంది. డ్రోన్ తానెక్కడుందో తెలుసుకునే GPS యాంటెన్నాకీ నాజిల్‌కీ మధ్య దూరం తప్పుగా పెట్టి ఉంటే ఖాళీ ఏ వేగంలోనైనా అంతే ఉండాలి. మీటర్లలో పెట్టిన మార్జిన్ ఒక్క వేగానికే సరిపోతుంది. వేగం మారితే అది మళ్లీ తప్పే.

ముందు మిషన్ బాగుచేయడం

ఆపరేటర్లు వెంటనే యాప్‌లో సెకన్లు మారుద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. పంపు ఆపాక ఈ డ్రోన్ నాజిళ్లు కారుతూనే ఉన్నాయి, అది కూడా ఒక్కో మలుపులో ఒక్కోలా. రోజుకోలా ఉండే ఆలస్యాన్ని కొలిచి ఒక అంకె రాసుకుంటే, ఆ అంకె రేపటికి పనికిరాదు.

నాజిల్ దగ్గర చుక్క కారకుండా ఆపే రబ్బరు డయాఫ్రమ్‌లు విప్పితే రెండు గట్టిపడిపోయి ఉన్నాయి, ఒకదాని అంచున ఎండిన మందు పొడి తెల్లగా పేరుకుంది. పంపు ఆగినా అది పూర్తిగా మూసుకోదు. నాలుగూ మార్చాం. తర్వాత పైపుల్లో గాలి. పారదర్శకంగా ఉండే పైపు కాబట్టి వెలుతురుకి పట్టుకుంటే బుడగలు కనిపించాయి. నీరు నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. పంపు తిరగగానే ముందు బుడగ నొక్కుకుని ఆ తర్వాతే నాజిల్ తెరుచుకుంటుంది. పంపు ఆగాక ఆ బుడగే వ్యాకోచించి మిగిలిన మందుని బయటికి తోస్తుంది. ఆన్, ఆఫ్ రెండూ సాగిపోవడానికి ఇదో కారణం. బుడగలు పోయేదాకా పంపు నడిపి గాలి తీశాం. గాలి ఎక్కడి నుంచి వస్తోందని చూస్తే, ట్యాంకు అడుగుకి వచ్చాక కూడా ఆపకుండా కొడుతున్నారు. మలుపులో మందు ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తోంది. అడుగున అర లీటరు ఉండగానే దింపడం అలవాటు చేసుకున్నారు.

ఇంతమాత్రానికే చెరువు మీద చుక్కలు చాలావరకు తగ్గాయి.

రెండు వేగాల టెస్టు

కోత అయిన ఖాళీ చేను, పొద్దున్నే గాలి లేని వేళ. ట్యాంకులో నీళ్లు, మిఠాయిల్లో వేసే ఎర్ర రంగు. నీళ్లు పడితే నీలంగా మారే పసుపు పేపర్లు దొరుకుతాయి గానీ, ఇక్కడ కావలసింది పొడవాటి పట్టీ. దుకాణాల్లో బిల్లు మిషన్‌లో వేసే పేపర్ రోల్ చవక. రోటర్ గాలికి ఎగిరిపోకుండా వెదురు బద్దలకి టేపుతో అంటించి, డ్రోన్ వెళ్లే దిక్కులోనే పరిచాం.

రూట్ ఇలా గీశాం: చాలా దూరం నుంచి పరుగు, మధ్యలో ఒక గీత దగ్గర స్ప్రే ఆన్, ఇంకో గీత దగ్గర ఆఫ్, తర్వాత మళ్లీ పరుగు. రెండు గీతల్నీ డ్రోన్ స్థిరమైన వేగంతో దాటాలి, లేకపోతే లెక్క కుదరదు. యాప్‌లో అంతకుముందు ఉన్న ఆన్, ఆఫ్ విలువలు రెండూ సున్నా చేశాం. పాత అంకె ఉంచి కొలిస్తే మనకి వచ్చేది మిగులు మాత్రమే.

ఎక్కడ మొదలైంది అని దేన్ని అనాలి? ముందు చెదురుమదురు చుక్కలు, తర్వాత దట్టం. మొదటి చుక్కని లెక్కలోకి తీసుకుంటే ఫలితం బాగున్నట్టు కనిపిస్తుంది, కానీ అక్కడ దోమ చావదు. నిండు దట్టంలో సగానికి వచ్చిన చోటుని గుర్తుగా పెట్టుకున్నాం. ఆగిన చోటుకీ అదే కొలత.

ఒక్కో వేగంలో రెండు దిక్కులా ఎగరేసి సగటు తీశాం. అలా చేస్తే పిల్లగాలి తేడా, మ్యాప్ జరుగుడు రెండూ కొట్టుకుపోతాయి. వచ్చినవి ఇవి. సెకనుకి 3 మీటర్ల వేగంలో స్ప్రే గీత దాటాక 1.5 మీటర్లకి మొదలైంది. 6 మీటర్ల వేగంలో 3.3 మీటర్లకి. ఆగడం చూస్తే 3లో 0.9 మీటరు, 6లో 2.1 మీటర్లు.

వేగం 3 పెరిగితే మొదలు 1.8 మీటర్లు వెనకబడింది. 1.8ని 3తో భాగిస్తే 0.6 సెకను, అది ఆన్ ఆలస్యం. ఆఫ్‌కి 1.2ని 3తో భాగిస్తే 0.4 సెకను. ఇప్పుడు వెనక్కి చూసుకోండి: 0.6 సెకను ఆలస్యానికి 3 మీటర్ల వేగంలో 1.8 మీటర్లు రావాలి, వచ్చింది 1.5. తేడా 0.3. ఆఫ్‌లో 1.2 రావాలి, వచ్చింది 0.9. అదే 0.3. రెండు చోట్లా ఒకే తేడా వచ్చిందంటే అది కాలం కాదు, దూరం. టేపు పెట్టి కొలిచాం: నాజిళ్లు యాంటెన్నాకి ముప్పై సెంటీమీటర్లకి అటూ ఇటూగా వెనక ఉన్నాయి. యాప్‌లో ఆ దూరం సున్నా అని ఉంది. ఒక్క వేగంలోనే కొలిచి ఉంటే కాలాన్నీ దూరాన్నీ కలిపేసి ఒకే అంకెలోకి తోసేవాళ్లం.

ఆన్ 0.6, ఆఫ్ 0.4, దూరం 30 సెంటీమీటర్లు విడిగా. "రెండూ 0.5 పెట్టేద్దామండి, గుర్తుంటుంది" అన్నాడు చిన్నవాడు. 6 మీటర్ల వేగంలో అది మొదట్లో 60 సెంటీమీటర్ల ఖాళీ, చివర్లో ఇంకో 60. అన్ని లైన్లకీ కలిపితే తక్కువేమీ కాదు. పంపు తిరిగి, ఒత్తిడి ఎక్కి, వాల్వు తెరుచుకోవడం ఒక పని. ఒత్తిడి పడి వాల్వు మూసుకోవడం ఇంకో పని. ఇవి రెండూ ఒకే సెకన్లలో అవ్వాలన్న రూలు లేదు.

విత్తనానికి వేరే లెక్క

స్ప్రేకి పెట్టిన అంకెలే మినుములకీ వాడొచ్చా అన్నారు. వాడకూడదు. సన్న తుంపర డ్రోన్ నుంచి బయటపడగానే గాలి పట్టేసి ముందుకుపోయే వేగం పోగొట్టుకుంటుంది, దాదాపు వదిలిన చోటే దిగుతుంది. గింజ బరువు. డ్రోన్ వేగంతోనే ముందుకి పోతూ పడుతుంది. 3 మీటర్ల ఎత్తు నుంచి కిందికి రావడానికి ముప్పావు సెకను పైనే పడుతుంది, ఆ సేపూ అది ముందుకి ప్రయాణం చేస్తూనే ఉంటుంది. కాబట్టి స్ప్రేలో అంతగా పట్టించుకోని ఎత్తు, విత్తనంలో నేరుగా లెక్కలోకి వస్తుంది.

ధాన్యం ఆరబోసే బరకాలు వరసగా పరిచి, మీటరు చదరాలు గీసి గింజలు లెక్కపెట్టాం. తిరిగే పళ్లెం గింజని అన్ని వైపులా విసురుతుంది కాబట్టి అంచు స్ప్రే అంత తెగ్గోసినట్టు ఉండదు, సగం దట్టం కొలతే ఇక్కడా. ఆన్ 1.1 సెకను, ఆఫ్ 1.4 దగ్గర తేలింది. స్ప్రేలో ఆఫ్ తక్కువ, ఇక్కడ ఆఫ్ ఎక్కువ. గేటు మూసుకున్నాక కూడా పళ్లెం మీద మిగిలిన గింజలు పోవాలి కదా. ఆ చేలో వాళ్లు సెకనుకి 4 మీటర్ల వేగంతో చల్లారు. 1.1 సెకనుకి 4.4 మీటర్లు. మొలకల్లో నేను చూసిన నాలుగు మీటర్ల ఖాళీకి ఇది దగ్గరగా ఉంది. ఈ అంకెలు 3 మీటర్ల ఎత్తుకే. ఎత్తు పెంచితే మళ్లీ కొలవాలి.

చెరువు వైపు సెట్టింగ్‌తో కాదు, రూట్‌తో

ఇంత కొలిచినా చెరువు వైపు లైన్లు ఎదురుగా పోయి ఆగడం నాకు నచ్చలేదు. సెట్టింగ్ అన్ని అంచులకీ ఒకటే. బోదె వైపు అంచుదాకా నిండుగా పడాలి, చెరువు వైపు కాస్త తక్కువ పడాలి. ఒకే అంకెతో రెండూ జరగవు. పైగా డ్రోన్ తిరిగేది గట్టు అవతలే.

లైన్లన్నీ చెరువుకి సమాంతరంగా మార్చేస్తే? అడ్డం 70 మీటర్లే కాబట్టి లైన్ల సంఖ్య రెట్టింపు అవుతుంది, మలుపులూ అంతే. ఆపరేటర్లు బ్యాటరీల లెక్క చెప్పారు, వాళ్ల మాటా సబబే. మధ్యేమార్గంగా పొడవు లైన్లని చెరువుకి 12 మీటర్ల ఇవతలే ఆపేశాం. మలుపు సొంత చేని మీదే పడుతుంది. చివర మిగిలిన పట్టీకి చెరువు గట్టు వెంటే అడ్డంగా రెండు లైన్లు. ఆ లైన్లలో ఆన్, ఆఫ్ జరిగేది బంధువుల వరి వైపు, చెరువు వైపు కాదు. గట్టుని ఆనుకున్న చివరి 4 మీటర్లు డ్రోన్‌తో అసలు కొట్టరు, తైవాన్ స్ప్రేయర్ (వీపున మోసే పవర్ స్ప్రేయర్) వేసుకుని మనిషి నడుస్తాడు. గాలి చెరువు వైపు వీస్తుంటే ఆ రెండు లైన్లు ఆ రోజుకి మానేయాలి. చెరువు రైతుకి ముందు రోజే ఫోన్ చేసి చెప్పాలి. ఈ ఆఖరి షరతు ఆయన పెట్టిందే.

తర్వాతి సార్వాలో స్ప్రే చేసేటప్పుడు గట్ల మీద పేపర్ పట్టీలు పెట్టి చూశాం. ఉత్తరం గట్టు లోపలి అంచు దాకా దట్టంగా పడింది, గట్టు మీద చెదురు చుక్కలే. చెరువు గట్టు మీది పేపర్ శుభ్రంగా ఉంది. దోమ మందు ఆ ఏడూ కొట్టారు, అంచు మచ్చలు పడలేదు. ఆ ఒక్క ఏడాదిలో దోమ ఒత్తిడి ఎంతన్నది వేరే విషయం కాబట్టి, నేను ఎక్కువ నమ్మేది పేపర్‌నే.

సీజన్ మధ్యలో ఒకసారి యాప్ అప్‌డేట్ అయ్యాక విలువలన్నీ మళ్లీ మొదటికి వచ్చాయి. ఎగరేసే ముందు చూసుకోవడం వల్ల దొరికింది. ఇప్పుడు స్ప్రేకి ఒక చీటీ, విత్తనానికి ఒక చీటీ ట్యాంకుకీ డబ్బాకీ విడివిడిగా అంటించి ఉంటాయి. వాటి మీద వేగం, ఎత్తు, ఆన్, ఆఫ్, కొలిచిన తేదీ. పైపు మార్చినా, నాజిల్ రకం మార్చినా, డయాఫ్రమ్‌లు మార్చినా ఆ చీటీ చెల్లదు, పేపర్ రోల్ మళ్లీ తీయాలి.

మిగిలిపోయింది మొలక కట్టిన వరి విత్తనం. నీరు దొరికిన ఏడు దాళ్వాకి కొందరు నాట్లు మానేసి వెదజల్లుతున్నారు, ఈ కుర్రాళ్లకి ఆ పని అడుగుతున్నారు. తడి గింజ గేటు దగ్గర అంటుకుంటుంది, నానిన సమయాన్ని బట్టి బరువు మారుతుంది. మినుముల 1.1, 1.4 దానికి పనికిరావు. నారుమడి విత్తనం నానబోసే రోజునే ఒక బుట్టెడు తీసుకుని బరకాల మీద కొలుద్దామని అనుకున్నాం.